రాళ్ళ చదువు, ఎదురు మొక్కు

మే 9, శుక్రవారం

ఈ డైరీ నా కోడలు సరిత ఆఫీసుల పంచింది. పోయిన ఏటిది. తారీకులు కొట్టేసి మీద నావి రాసుకుంటున్న. "నానమ్మా, నీ భయాలన్నీ తెచ్చి నా చెవుల్ల పోస్తున్నవ్. ఇండ్ల పోసుకో" అని కళ్యాణి చేతుల పెట్టింది. మనుమరాలు ఇచ్చినంక రాయకుంటె బాగుండదు. రాత్రిబడిల నేర్చిన అక్షరాలు, వంకరగనే వస్తయి. ఎవరు చూస్తరు.

ఇయ్యాల్టి భయాలు. నా కొడుకు మధు క్యాబు బ్రేకులు చప్పుడు చేస్తున్నయట. చూపించుకుంట అన్నడు, చూపించుకోలే. సరిత ఆఫీసుల లిఫ్టు నడుమల ఆగిందట. మా గ్యాసు పైపు పాతదైంది. కళ్యాణికి ఇంటర్ల మంచి మార్కులొచ్చినయి.

ఆఖరిది భయం ఎందుకైతదో నాకే తెల్వదు. రాసేటప్పుడు చెయ్యి ఆగలే.

మే 11, ఆదివారం

డిగ్రీ సీట్లకు దోస్త్ అని సర్కారుది ఒకటున్నదట, దాంట్లనే పెట్టుకోవాల్నట. కంప్యూటర్ల ఉంటది. ఏ కాలేజీల ఏ చదువు కావాల్నో వరుసగ పెడితె, మార్కులు చూసి ఇస్తరు. మొదటిసారి అనుకున్నది రాకుంటె రెండోసారి, మూడోసారి గూడ పెట్టుకోవచ్చు.

ఏమేం చదువులున్నయో చదివి వినిపియ్యమన్న. నేను బియ్యం చెరుగుతున్న, కళ్యాణి గడపల కూసోని ఫోను చూసుకుంట చదివింది.

"ఎకనామిక్స్. సోషియాలజీ. జర్నలిజం. స్టాటిస్టిక్స్."

"అదేంది?"

"లెక్కపెట్టుడు. ఆ లెక్కలకెల్లి సంగతి తీసుడు."

"మంచిదే. నీడపట్టున ఉంటది."

"ఆర్కియాలజీ. పాతకాలంవి తవ్వి తీస్తరు."

"తవ్వుడు గూడ చదువేనా? నేను, మీ తాత మూడు జిల్లాల తవ్వినం. మాకెవ్వడూ సర్టిఫికెట్ ఇయ్యలే."

"సైకాలజీ. మనిషి మనసు చదువుడు. నానమ్మా, నిన్నొక్కదాన్ని చదివితె చాలు, గోల్డ్ మెడల్ ఇస్తరు."

లోపల సరిత నవ్వింది. నా కోడలు ఊకె నవ్వదు. నేను గూడ నవ్విన.

మైక్రోబయాలజీ అన్నది, జెనెటిక్స్ అన్నది, లైబ్రరీ సైన్స్ అన్నది. పుస్తకాలు సర్దెటందుకు గూడ మూడేండ్ల చదువున్నదట. లోకంల ఇన్ని చదువులున్నయని నాకు తెల్వదు. దేనికి దానికి ఒక భయం ఉన్నది, వినుకుంట పోతె. పుస్తకాలకు మాత్రం ఏం కనవడలే. దుమ్ము తప్ప.

"మరి నీకేది కావాలె?"

"జియాలజీ."

"అంటె?"

"భూమి గురించి నానమ్మా. రాళ్ళ గురించి. ఏ రాయి ఎట్ల పుట్టింది, ఎన్నేండ్లయింది, లోపల ఏమున్నది."

చేట పక్కకు పెట్టిన.

మధు నాయిన రాళ్ళ పనికే పోయిండు. అప్పుడీ అద్దాల బిల్డింగులు లేవు. ఎటు చూసినా గుండ్లే. పేల్చుడు, కంకర కొట్టుడు. దుమ్మంత ఊపిరిల గూడు కట్టింది. ఆఖరికి పండుకుంటె ఊపిరాడక మంచం మీద కూసోనే నిద్రపోయెటోడు. కళ్యాణి పుట్టకముందే పోయిండు పెంటయ్య.

మధు బయట క్యాబు తుడుస్తున్నడు. విన్నడు. బీకాం కంప్యూటర్స్ పెట్టు మొదట, అన్నడు.

"రెండోది పెడ్త డాడీ. మొదటిది నాది."

మధు అద్దం తుడిచిందే తుడిచిండు.

మే 12

రాళ్ళ చదువు. రాళ్ళ చదువు. రాళ్ళ చదువు.

మే 14, బుధవారం

పైన పెంటుహౌసుల రాకేశ్ అని ఆంధ్ర పిల్లగాడు ఉంటడు. కంపెనీల రాత్రి పని. నీళ్ళ మోటరు వేసెటందుకు కిందికి దిగితె అడిగిన.

"జియాలజీయా? చాలా మంచి కోర్సండి బామ్మగారూ. మెట్రోకి, వంతెనలకి, నీళ్ళకి, గనులకి అన్నిటికీ కావాలి. మా ఫ్రెండ్ ఒకడు సర్వేలో ఉన్నాడండి."

"ఆఫీసుల కూసుంటడా?"

"లేదండి, అడవుల్లో తిరుగుతాడు. టెంట్ వేసుకుంటారు. ఒకసారి ఎలుగుబంటి వచ్చిందట!"

ఆయన నవ్వుకుంట చెప్పిండు. నేను మోటరు బందు చేసుడు మర్చిపోయిన. ట్యాంకి నిండి పొర్లింది, ఓనరమ్మ తిట్టింది. తిడితె తిట్టింది. ఎలుగుబంటి అని ఒకటి కొత్తగ వచ్చి చేరె.

మే 18, ఆదివారం

గుండు మైసమ్మ కాడికి పోయిన. మా బస్తీకెల్లి నడిచి పోవచ్చు. చుట్టూర గుండ్లన్నీ పేల్చిన్రు గాని అమ్మ గుండును ముట్టలే. కంపెనీ కాంపౌండు గోడ గూడ అక్కడ వంపు తిరిగి పోతది. ఇంత పెద్ద గుండు, మీద పసుపు, కుంకుమ బొట్లు, రెండు వెండి కండ్లు.

ఆదివారమైనా మందెక్కువ లేరు. మనసుల మొక్కుకున్న. నోటితో అంటె గాలికి పోతదని పెదిమెలు గట్టిగ మూసుకున్న.

తల్లీ, కళ్యాణికి ఆ రాళ్ళ సీటు రావద్దు. ఇంకేదైనా రానీ. రాకుంటె పుంజును ఇచ్చుకుంట. కల్లు సాక పోస్త. బోనం ఎత్తుకొస్త.

తిరిగొచ్చేటప్పుడు పానం తేలికైంది. పిల్ల మంచికే కద మొక్కిన. చెడ్డది మొక్కలే. బతుకుమనే మొక్కిన.

మే 29, గురువారం

సీటు రాలే.

అంటె వచ్చింది, బీకాం. బాచుపల్లి కాలేజీల. రాళ్ళది ఒక్క ఆడపిల్లల కాలేజీలనే పెట్టుకున్నది, ఆడ సీట్లు తక్కువట, నిండిపోయినయట.

సరిత స్వీటు డబ్బా తెచ్చింది. మధు దోస్తులకు ఫోన్లు చేసి చెప్పుకున్నడు. కళ్యాణి ఒక స్వీటు తిని, బాగుంది అని, బట్టలు మడతపెట్టుకుంట కూసున్నది. మడిచినయే విప్పి మళ్ళ మడిచింది.

నేనేం చేసిన? ఏం చెయ్యలే. సీట్లు తక్కువన్నరు కద. అమ్మ చేసింది. అమ్మ గూడ చెయ్యలే, కంప్యూటర్ చేసింది.

ఇయ్యాల నాకు ఆకలైంది. శానా రోజులకు.

జూన్ 1, ఆదివారం

మొక్కు ఉన్నదని సరితతోని అన్న. పుంజును ఇయ్యాలె అన్న.

"పిల్ల సీటుకోసం మొక్కినవా అత్తమ్మా?"

"ఆఁ. సీటుకోసమే."

అబద్ధం కాదది.

మధు మూసాపేట పోయి పుంజును తెచ్చిండు. ఎర్రది, మెడ కాడ నల్లగ. మెట్ల కింద కట్టేసినం. బోనాలల్ల ఇచ్చుకుందాం అన్నది సరిత, అప్పుడైతె నాకు గూడ సెలవు దొరుకుతది అని. సరే అన్న.

కళ్యాణి బీకాం సీటు పట్టుకునే ఉంచుకున్నది గాని రెండోసారి మళ్ళ రాళ్ళదే పెడుతదట. పొద్దుట చెప్పింది. నా మొక్కు మొదటిసారికేనా, అన్నిసార్లకా? అప్పుడు సరిగ చెప్పలే నేను.

జూన్ 3, మంగళవారం

అమ్మ కాడికి పోయి, మొక్కు అన్నిసార్లకని సాపుగ చెప్పి వద్దామని బయలెల్లితె కళ్యాణి నేను గూడ వస్త అన్నది. వద్దంటె ఎందుకంటది. తీసుకపోయిన.

నేను దండం పెట్టుకుంటున్న. పిల్ల చెప్పులు విడిచి, గుండు చుట్టూర తిరిగి, వెనుక దిక్కు పసుపు లేని కాడ చెయ్యి పెట్టి చూస్తున్నది. డాక్టరు చూసినట్టు.

"నానమ్మా, ఇటు రా. చూడు, పొరలు పొరలు లేస్తున్నది. ఉల్లిగడ్డ లెక్క. ఎండకు ఉబ్బుతది, చల్లబడి ముడుసుకుంటది. గట్ల ఎన్ని ఏండ్లకో ఒక పొర ఊడుతది."

"అమ్మను పట్టుకొని ఉల్లిగడ్డ అంటవా. లెంపలేసుకో."

వేసుకున్నది. వేసుకొని మళ్ళ చెయ్యి పెట్టింది.

"మీ మైసమ్మ వయసెంతో తెలుసా నీకు?"

"అమ్మకు వయసేంది?"

"రెండు వందల యాభై కోట్ల ఏండ్లు. అప్పుడు చెట్లు లేవు, చేపలు లేవు, మనిషి లేడు. భూమి లోపల కాగి కాగి, నిమ్మళంగ చల్లారి, ఇట్ల గట్టి పడ్డది. మీదున్న మట్టంత కొట్టుకపోతె బయటికొచ్చింది. నానమ్మా, నువ్వు మొక్కుతున్నది ఈ ఊరికంటె పాతది. దేవుళ్ళకంటె పాతది."

మొన్న సీటు రానికాడికెల్లి ఈ పిల్ల ఇన్ని మాటలు మాట్లాడలే. బీకాం బాగుంది అనేటప్పుడు ముఖం ఎట్లుండె, ఇప్పుడెట్లున్నది. పెంటయ్య గూడ గంతే, ఏదన్న చెప్పేటప్పుడు చేతులు తిప్పుడు. చేతులు తిప్పుతున్నది.

తిరిగి వస్తుంటె అడిగింది. "పుంజు దేనికోసం నానమ్మా? మమ్మీ అంటుంది నాకోసమేనట."

"నీ చదువుకోసమే బిడ్డా."

నడిరోడ్ల ఆపి నన్ను గట్టిగ పట్టుకున్నది. పక్కకెల్లి బైకులోడు హారన్ కొడుతున్నడు. "నాకోసం ఎవరు మొక్కలే నానమ్మా, అందరు బీకాంకే మొక్కిన్రు. నువ్వొక్కదానివే." మళ్ళ గుండు దాక ఉరికింది. నేను గూడ మొక్కొస్త అని. రెండు చేతులు జోడించి కండ్లు మూసుకొని నిలబడ్డది. బోనం ఎత్తుకుంట అన్నదట, జియాలజీ వస్తె.

బండ మీద కూసున్న. ఎండ తాకిందా నానమ్మా అంటది. ఆఁ, ఎండ.

జూన్ 4

ఒకే అమ్మ. ఒకే పిల్ల. నాది రావద్దని, దానిది రావాలని. అమ్మ ఎవ్వరిది వింటది? మొదట మొక్కింది నేను. పెద్దదాన్ని నేను. పుంజు నాది.

ఇవన్నీ నాకే ఎక్కువున్నయి. అదే భయం.

జూన్ 5, గురువారం

లింగమూర్తిని అడగపోయిన. కుమ్మరోళ్ళు, వాళ్ళ తాత కాడికెల్లి ఆ గుండుకు వాళ్ళే పూజ చేస్తరు. పగటిపూట పక్క కంపెనీల పార్కింగు కాడ ఉంటడు. విజిలు మెడల ఏసుకోనే మాట్లాడిండు.

"తమ్మీ, ఒక్కతాన్నే ఇద్దరు ఎదురెదురు మొక్కితె ఎట్లయితది?"

"ఏంది పెద్దమ్మా, భూమి పంచాయితా?"

"కాదు."

"మధు మల్లా ఎవరితోనన్న కొట్లాడిండా?"

"కాదయ్యా. ఊకె అడుగుతున్న. తెలుసుకుందామని."

"ఊకె అడిగెటోళ్ళు ఇంత ఎండల రారు." కారొకటి వస్తె విజిలు ఊది, చెయ్యి ఊపి మళ్ళ వచ్చిండు. "అమ్మ ఇద్దరిది వింటది. ఎవ్వరు మొక్కు తీరుస్తరో వాళ్ళది నిలుస్తది. తీర్చంది చెల్లదు."

"అయితె తీర్చకుంటె పోతది కద, ఆ మొక్కు?"

"మొక్కు పోతది. అమ్మ ఊకుంటదా? మాట తప్పినోళ్ళ మీద పడుతది. కాలో చెయ్యో పట్టుకుంటది. ఎవరు పెద్దమ్మా, ఆ మొక్కినోళ్ళు?"

"మా దిక్కోళ్ళు" అని వచ్చేసిన.

జూన్ 8

కాలా, చెయ్యా?

చెయ్యి పోతె రాసుకునుడు ఉండదు. వంట ఉండదు. కాలు అయితె నయం. కాలు ఎట్లయినా నొప్పే.

జూన్ 13, శుక్రవారం

రెండోసారి గూడ రాలే. కళ్యాణి ఫోను నాకు చూపించి, "నీ మొక్కు జర మెల్లగ నడుస్తుంది నానమ్మా, ఆటోల వస్తుందా?" అని నవ్వింది. నవ్వి బాత్రూముల నల్లా ఇప్పుకొని శానా సేపు బయటికి రాలే.

పుంజు మెట్ల కింద ఉన్నది. దాన్ని చూస్తె నాకు గుబులు. అది బతికున్నంత కాలం నా మొక్కు తీర్చనట్టే. తీర్చకుంటె చెల్లదు కద. మరి ఎందుకు సీటు వస్తలేదు? తీరుస్త అని అమ్మ నమ్మిందేమో. నేను తీర్చ అని ఇంకా చెప్పలే.

ఎట్ల చెప్పాలె. ఎట్ల తీర్చకుండ ఉండాలె. నా జన్మల మొక్కు ఎగ్గొట్టలే నేను.

జూన్ 22, ఆదివారం

మధుకు చలిజ్వరం. నాకోసమే వచ్చిందనుకున్న. డెంగీ పరీక్ష చేయించినం, లేదట. మూడు ఇండ్లల్ల ఇట్లనే ఉన్నదన్నది ఓనరమ్మ. అయినా అమ్మా, ఆయన కాదు మొక్కింది. నేను. మనిషిని గుర్తుపట్టుకో.

జూన్ 28, శనివారం

మూడోసారి గూడ రాలే.

జులై 2, బుధవారం

బీకాం క్లాసులు మొదలైనయి. పొద్దున కాలేజి బస్సు. కొత్త బ్యాగు. సరిత చూసి మురిసిపోయింది. మంచి కాలేజి, ఏసీ ఉన్నదట. నీడపట్టున.

సాయంత్రం అడిగిన, ఎట్లున్నది?

"మంచిగుంది నానమ్మా."

ఏం చెప్పిన్రు?

"డెబిట్ క్రెడిట్."

అంటె ఏంది?

చెప్పింది. చేతులు తిప్పకుండ చెప్పింది.

జులై 7, సోమవారం

రాకేశ్ కిందికొచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి పాపం.

"బామ్మగారూ, నేను డ్యూటీ చేసి నాలుగింటికి పడుకుంటానండి. మీ పుంజు నాలుగున్నరకి లేపేస్తోందండి. ఎప్పుడండి దీని... కార్యక్రమం?"

"బోనాలకు నాయినా."

సరిత చెయ్యి కడుక్కుంట అన్నది, "అసలు అత్తమ్మ ఇచ్చేటట్టే కనిపిస్తలేదు రాకేశ్. దీని అరుపు పడలేక బోనాలకు ముందే, మొన్న మంగళారం ఇద్దామంటె మోకాలు నొప్పి అన్నది. ఆదివారం అంటె చుట్టాలింట్ల మైల అన్నది. ఏ చుట్టాలో తెల్వదు. దీనికి పొద్దున నూకలు, మాపటికి జొన్నలు. నన్ను గూడ ఇంత మంచిగ చూసుకోలే."

పిల్లగాడు నవ్వుకుంట పోయిండు. సరిత నన్నే చూస్తున్నది. చూస్తె చూడని.

జులై ఆఖరుకు ఇంకొక్కసారి, మిగిలిపోయిన సీట్లు ఇస్తరట. ఆఖరిసారి. కళ్యాణి పెడుతదట. మధు వద్దనలే.

జులై 20, ఆదివారం

ఇయ్యాల మా బస్తీ బోనాలు. రాయాలె.

పొద్దున్నే సరిత బోనం వండింది. పుంజును మధు సంకల పెట్టుకున్నడు. డప్పులతోని పోయినం. నేను తొవ్వ పొడుగునా ఒక్కటే అనుకుంటున్న, కాలు జారి పడితె బాగుండు, దవాఖానకు తీసుకపోతరు, పుంజు ఆగుతది. కాలు జారలే. జారకూడదన్నప్పుడు జారుతది.

గుండు కాడ మంది. శివసత్తి ఒకామెకు పూనకం వచ్చింది. ఏటేట ఆమెకే వస్తది. వేపమండలు పట్టుకొని ఊగుతున్నది. లింగమూర్తి హారతి ముందల పట్టుకొని అడిగిండు, "ఏం తక్కువైంది తల్లీ? ఏం కోపమొచ్చింది?"

"ఏడాదికొక్కనాడు యాదికొస్తనారా నేను? మాటిచ్చి తప్పినోళ్ళు ఈడనే ఉన్నరు. నా ముంగటనే నిలబడ్డరు."

ఏటేట ఇదే మాట అంటది. అందరు తలకాయలు కిందికేస్తరు, ఎవరి మొక్కు వాళ్ళకు యాదికొస్తది. నేను గూడ ఏటేట వేసిన. ఇయ్యాల నా తల కిందికి పోలే. కాళ్ళు ముందలికి పోయినయి.

"నేనే తల్లీ."

డప్పులు ఆగలే, కాని నాకు వినపడుడు బందయింది.

"మర్చిపోలే. కావాల్నని ఇస్తలేను. పుంజు ఆడనే ఉన్నది, నా కొడుకు సంకల. ఇయ్య. నా మనుమరాలికి రాళ్ళ సీటు రావద్దని మొక్కిన. దుమ్ముకు భయపడి మొక్కిన. ఆ మొక్కు నాకొద్దు. కాలు తీసుకుంటవో చెయ్యి తీసుకుంటవో తీసుకో, నేను మొక్కిన, నేనే తప్పుతున్న. పిల్ల జోలికి పోకు. కొడుకు జోలికి గూడ పోకు, ఆయనకు జ్వరమొచ్చి పోయింది ఇప్పుడే."

శివసత్తి ఊగుడు ఆపింది. లింగమూర్తి హారతి పట్టుకొని నన్నే చూస్తున్నడు. "మా దిక్కోళ్ళు అంటివి కద పెద్దమ్మా" అన్నడు మెల్లగ.

శివసత్తి వేపమండతోని నా నెత్తి మీద ఒకటి కొట్టి, పో, అన్నది. అంతే. పో. దేనికి పో అన్నదో ఎవరికి తెలుసు.

తిరిగి చూస్తె కళ్యాణి నిలబడి ఉన్నది. సరిత నెత్తి మీద బోనం, కండ్ల నీళ్ళు తుడుసుకోనీకి చెయ్యి లేదు. మధు పుంజును గట్టిగ పట్టుకున్నడు, అది కొట్టుకుంటున్నది.

"నా చదువుకోసమే అంటివి కద" అన్నది కళ్యాణి.

చెప్పులు వేసుకొని ఒక్కతే పోయింది.

జులై 21

మాట్లాడలే.

జులై 23

మాట్లాడలే. ప్లేటు తెచ్చి ముందల పెడుతది, నీళ్ళు పెడుతది. మాట్లాడది.

కాలు చెయ్యి రెండు మంచిగనే ఉన్నయి. అదొక భయం.

జులై 27, ఆదివారం

సరితకు ఓపిక పోయింది. పుంజును వండింది. మొక్కిన కోడిని ఇంట్ల వండుకొని తినుడు! నేను కొంగు అడ్డం పెట్టుకొని అవతలికి తిరిగిన. మధు గూడ ముట్టలే, పప్పు వేసుకున్నడు.

కళ్యాణి నా ఎదురుంగ పీట వేసుకొని కూసున్నది. ముక్కలు వడ్డించుకున్నది. నన్నే చూసుకుంట తిన్నది. మళ్ళ వేసుకున్నది.

"నీ మొక్కు చెల్లొద్దంటివి కద. చెల్లకుండ చేస్తున్న."

వారం తర్వాత మొదటి మాట.

"కారం ఎక్కువైందా?" అని అడిగిన. ఏదో ఒకటి అనాలె కద.

"లే. మంచిగుంది." బొక్క పక్కకు పెట్టింది. "తాత గురించి నాకెవ్వరు సరిగ చెప్పలే. పోయిండు అంటరు. దుమ్ము అంటరు. నాకు చెప్పి భయపెడితె భయపడుదునో లేదో నేను చూసుకుందును కద. మైసమ్మకెందుకు చెప్పినవ్, నాకు చెప్పక?"

అప్పుడు చెప్పిన. మంచం మీద కూసొని ఎట్ల నిద్రపోయెటోడో, వీపుకు మెత్తలు ఎన్ని పెట్టినా ఎట్ల ఒరుగకపోయెటోడో, పక్కన నేను మేలుకొని ఊపిరి ఎట్ల వినుకుంట కూసునేదాన్నో. మధు పప్పన్నం చేతిల పట్టుకొని విన్నడు. ఆయనకు గూడ కొన్ని తెల్వయి, చిన్నోడు అప్పుడు.

కళ్యాణి చెయ్యి ఎండిపోయేదాక కూసున్నది. కడుక్కోనీకి లేస్తుంటె మధు అన్నడు, "ఆఖరుసారి దోస్తుల మొదట నీదే పెట్టు. బీకాం కింద పెట్టకు. అసలు పెట్టకు, నీదొక్కటే పెట్టు."

"అట్ల పెడితె ఉన్న బీకాం గూడ పోయి, ఏదీ రాకపోవచ్చు డాడీ."

"తెలుసు. నేను గూడ భయపడుత. పెట్టు."

ఆగస్టు 3, ఆదివారం

వచ్చింది.

కళ్యాణి అరవలే. ఎగురలే. ఫోను పట్టుకొని వచ్చి నా పక్కన మంచం మీద కూసున్నది. సరిత చదివింది. మ్యాథ్స్, ఫిజిక్స్, జియాలజీ. మెట్రోల పోవాలె, దూరం.

మిగిలిపోయిన సీట్లల్ల ఒకటి. ఎవరో వద్దనుకున్నది. అట్లనే వచ్చిందట. ఎవరి మొక్కుతోని కాదట. సరే.

ఆగస్టు 10

కళ్యాణి బోనం ఎత్తుకున్నది. తన మొక్కు తాను తీర్చుకున్నది. నేను దూరం నిలబడ్డ. అమ్మ వెండి కండ్లకు ఎదురుంగ పోలే.

ఆగస్టు 19

మెట్రో తలుపులు దగ్గరపడేటప్పుడు చున్నీ చూసుకోమని చెప్పిన. రోజు చెప్పుత.

సెప్టెంబరు 6, శనివారం

మోకాలు వాచింది. అమ్మ మొదలుపెట్టిందనుకున్న. దవాఖానల అరుగుదల అన్నరు. వయసుకు అందరికి అయితదట. ఎవరిది నమ్మాలె. రెండు గోళీలు ఇచ్చిన్రు, వేసుకున్న. పానం కొంచెం కుదురుగున్నది. వచ్చేది కాలుకే అయితె రానీ. చెయ్యి ఉన్నది.

అక్టోబరు 11, శనివారం

ఇయ్యాల కళ్యాణి వాళ్ళను బస్సుల గుట్టల కాడికి తీసుకపోతున్నరు. రాళ్ళు చూడనీకి. మొదటిసారి. మధు క్యాబుల కాలేజి దాక పోయినం, నేను వస్త అంటె వద్దనలే. బస్సు నిలబడి ఉన్నది. ఆడపిల్లలు, టోపీలు, బాటిళ్ళు. ఒక్కొక్కరి చేతిల చిన్న సుత్తె. కళ్యాణి చేతిల గూడ.

మధు పెట్రోలు సాకు పెట్టుకొని దూరం పోయిండు. సుత్తె చూడలేక.

నేను అడిగిన. ఇన్ని నెలలు అందరిని అడిగిన, ఈమెను అడగలే.

"దుమ్ము ఉంటదా బిడ్డా?"

ఏం లేదు నానమ్మా అంటదనుకున్న. అందరు అదే అంటరు నాతోని, అన్నిటికి.

"ఉంటది. కొట్టేటప్పుడు లేస్తది. మాస్కు ఉన్నది, పెట్టుకుంట. గాలి ఎటు వస్తుందో చూసి నిలబడమని చెప్పిన్రు. తాత దినాం, పొద్దంత, మాస్కు లేకుండ పీల్చిండు. నేను ఎప్పుడో ఒకనాడు పోత. అయినా ఉంటది నానమ్మా. లేదని చెప్ప."

"నాకు భయమైతది."

"తెలుసు."

"ఎన్నడు పోదు అది."

"పోకుంటె పోకపాయె. నువ్వు భయపడు నానమ్మా. కానీ మొక్కకు."

మేడం పిలిచింది. ఎక్కింది. కిటికీల కెల్లి పక్క పిల్లకు ఏదో చెప్తున్నది, అప్పుడే, బస్సు కదలకముందే. చేతులు తిప్పుకుంట.

బస్సు పోయింది. నేను ఆడనే గేటు కాడ నిలబడి భయపడ్డ. మంచిగ, మనసు నిండ భయపడ్డ. చేతులు రెండు కొంగుల చుట్టి గట్టిగ పట్టుకున్న, వాటంతట అవి జోడించుకుంటయేమోనని.